మాధాపూర్‌లో ఎనిమిది మందికి ఇటలీ భోజనం

గురువారం పొద్దున అయిదూ నలభైకి తెనాలిలో విజయవాడ ప్యాసింజరు ఎక్కేటప్పటికి నేను ఇటలీ వంట కంటితో కూడా చూసి ఎరగను. శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి హైదరాబాదులో ఎనిమిది మందికి అది వండి వడ్డించాలి. మధ్యలో ఉన్నవి రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో ఊళ్ళో ఉన్న ఇటలీ హోటళ్ళలో తిని, చూసి, నేర్చుకోవాలని అనుకున్నాం. ఇంట్లో కూర్చుని అనుకున్నప్పుడు సులువుగానే అనిపించింది. రైలు కదిలాక అలా అనిపించలేదు.

తెనాలిలో మేం పదకొండేళ్ళు మెస్సు నడిపాం. ఎదురుగా ఒక ఆఫీసు వాళ్ళ శిక్షణ కేంద్రం ఉండేది. తినేవాళ్ళలో ముప్పాతిక మంది అక్కడివాళ్ళే. ఆ వేసవిలో అది గుంటూరు తరలిపోయింది. అదే నెలలో మెస్సూ మేమూ ఉన్న అద్దె ఇల్లు అమ్ముడైంది. జూన్ ఆఖరుకి ఖాళీ చేయమన్నారు. ఏం చేయాలో తోచక మా వారూ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్న రోజుల్లో పక్క ఎస్టీడీ బూత్‌కి ఫోను వచ్చింది. చేసింది చంద్రశేఖర్ గారు. అనంతపురం మనిషి. శిక్షణకొచ్చి ఏడాదిన్నర మా మెస్సులో భోంచేశారు. ఇప్పుడు మాధాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఏర్పాట్లన్నీ చూసే మేనేజరు.

"సుగుణమ్మా, మా ఆఫీసులో క్యాంటీను పెట్టాలనుకుంటా ఉండారు. మీ వంట గురించి చెప్పినా. అయితే ఇప్పుడు ఇటలీ నుంచి ఆరుమంది ఇంజనీర్లు వచ్చి ఉండారు. మూడు నెలలుంటారు. వాళ్ళకు ఇక్కడి తిండి పడట్లేదు. శనివారం వాళ్ళకూ, మా పెద్ద సార్లు ఇద్దరికీ వాళ్ళ తిండే వండి పెట్టినారంటే తర్వాత మాట్లాడొచ్చు. చేస్తారా, లేదా?"

"చేస్తాను సార్" అంది నా నోరు. మిగతా ఒంటికి ఆ తర్వాత తెలిసింది.

నాతో సత్యవతి వదిన వచ్చింది. మా వారి అక్క. భర్త పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటుంది. మెస్సులో వంట నాది, రుచి ఆవిడది. మూత తీసి వాసన చూసి సాంబారులో ఇంగువ తక్కువైందని చెప్పగలదు. మెస్సు కోసం ఉల్లి, వెల్లుల్లి సర్దుకుంది గానీ మాంసం, చేప, గుడ్డు వండిన గిన్నె ముట్టుకోదు. మా మెస్సు శాకాహారం కావడానికి సగం కారణం ఆవిడే. మెస్సు చూసుకోవడానికి మా వారు ఆగిపోయారు.

విజయవాడలో ఏడుంపావుకి ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఎదురు సీట్లో ఖమ్మం వెళ్తున్న ఒక వ్యవసాయ శాఖ ఉద్యోగి కూర్చున్నాడు. వదిన మాటల్లో సంగతి చెప్పేసింది.

"ఇటలీ వాళ్ళాండీ? వాళ్ళు సేమ్యా తింటారండీ. పాయసం చేసి పెట్టండి, సరిపోతుంది" అన్నాడాయన.

వదిన నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆయనకు తెలిసినంతే నాకూ తెలుసు మరి.

రైలు అరగంట ఆలస్యంగా రెండు కావస్తుండగా సికింద్రాబాద్ చేరింది. సిటీ బస్సులో అమీర్‌పేట వెళ్ళాం. అక్కడ కంప్యూటర్ కోర్సులు చదివే ఆడపిల్లల హాస్టలు ఒకటి మా తెనాలి ఆవిడే నడుపుతోంది. తల్లులు వస్తే ఉండటానికి ఒక గదిలో రెండు మంచాలు వేసి ఉంచుతుంది. ఆడవాళ్ళు హైదరాబాదు పని మీద వెళ్తే లాడ్జి కన్నా ఇలాంటి చోటు నయం. నీళ్ళు మాత్రం పొద్దున ఆరున్నర దాటితే రావు.

ఇటలీ తిండి ఎక్కడ దొరుకుతుందని హాస్టలు పిల్లల్ని అడిగితే పంజాగుట్టలో కొత్తగా పెట్టిన పిజ్జా దుకాణానికి దారి చెప్పారు. అయిదింటికి వెళ్ళాం. లోపల అంతా కాలేజీ పిల్లలు. చీరల్లో ఉన్నది మేమిద్దరమే. శాకాహారంలో అన్నిటికన్నా చిన్నది చెప్పాం. వదిన కౌంటరు దగ్గరే మూడుసార్లు అడిగింది, "గుడ్డు లేదు కదమ్మా?" అని. లేదన్నారు. వచ్చాక ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"మైదా పులియబెట్టారు. టమాటా ఉంది. పైన చల్లింది వాముకి చుట్టం. ఈ సాగేది పాలే, విరగ్గొట్టిన పాలు."

నాకు ధైర్యం వచ్చింది. అయితే అది ఎంతోసేపు నిలవలేదు. అడిగితే దుకాణం అమ్మాయి చెప్పింది, "ఓవెన్ లేకుండా కష్టం ఆంటీ" అని. చంద్రశేఖర్ గారి ఆఫీసులో ఉన్నవి రెండు గ్యాసు పొయ్యిలు. అంటే పిజ్జా కుదరదు. మొదటి రోజు అలా ఖర్చయిపోయింది. హాస్టలుకి తిరిగి వస్తూ దారిలో ఫోను చేసి చంద్రశేఖర్ గారినే అడిగాను, వాళ్ళు ఇంకేం తింటారని. "పాస్తా అంటా ఉంటారు ఎప్పుడూ. అదే చేయండి" అన్నారు.

శుక్రవారం పన్నెండుంపావుకి బంజారాహిల్స్‌లో ఒక పెద్ద హోటల్‌కి ఆటోలో వెళ్ళాం. అందులో ఇటలీ భోజనానికి విడిగా ఒక హాలు ఉంది. గేటు దగ్గర తలపాగా కట్టుకున్న మనిషి మాకు సలాం కొట్టాడు. లోపల చలికి వదిన కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. మెనూ పుస్తకంలో ఒక్క ముక్క అర్థం కాలేదు. ధరలు మాత్రం అర్థమయ్యాయి. లేచి వెళ్ళిపోదామా అనుకుంటున్నప్పుడు వడ్డించే ఆయన దగ్గరికొచ్చి మా మాటలు విని, "మీది గుంటూరు వైపాండీ? మాది తునండీ" అన్నాడు. ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఆలోచించి, టమాటా సాస్‌తో స్పగెట్టి అనే పాస్తా ఒక ప్లేటు తెచ్చిపెట్టాడు. సన్నగా, పొడుగ్గా, జంతికల పిండి తీగలు ఉడికించినట్టుంది. దాని మీద ఒక గట్టి ముద్దను చిన్న కోరాముతో తురిమాడు.

"ఏవిటండీ అది?" అంది వదిన.

"చీజండీ. శాకాహారమేనండీ. గుడ్డూ మాంసం ఏం ఉండవండీ."

"అయితే కానివ్వండి."

వదిన నాలుగు తీగలు తిన్నది. మొహం చిట్లించింది. "సుగుణా, ఇది ఉడకలేదే. ఇంత పెద్ద హోటలు పెట్టి పచ్చిది పెడతారా? వెనక్కి పంపించు."

నేనూ తిన్నాను. నిజమే, పంటికింద కాస్త గట్టిగా తగిలింది. మొహమాటపడుతూనే వెనక్కి పంపించాను. ఆయన పట్టుకెళ్ళి, పది నిమిషాల్లో మెత్తగా ఉడికించి, పైన మళ్ళీ తురిమి తెచ్చాడు. ఈసారి వదిన తృప్తిగా తిన్నది. నేను సంచిలోంచి నోటుబుక్కు తీసి 'మెత్తగా ఉడకాలి' అని రాసుకుని కింద గీత గీశాను.

బిల్లు ఇచ్చేటప్పుడు ఆయన గొంతు తగ్గించి అన్నాడు, "మీరు వండటం కళ్ళారా చూడాలంటే ఇక్కడ కుదరదండీ, లోపలికి రానివ్వరు. మాధాపూర్ రోడ్డులో యాదగిరి గారని చిన్న హోటలు నడుపుతారు. పదకొండేళ్ళు ఓడల మీద ఇటలీ వాళ్ళతో పనిచేశారు. నేను పంపానని చెప్పండి."

మూడున్నరకి అమీర్‌పేటలో కొండాపూర్ బస్సు ఎక్కాం. చెక్‌పోస్టు దాటాక బస్సులో పదిమంది మిగిలారు. రెండు వైపులా ఏనుగులంత బండలు, వాటి మధ్య ఎర్రమట్టి, అక్కడక్కడ కంకర లారీలు. దూరంగా కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల భవనం, దాని పక్కన ఇంకొకటి నిలబడి ఉన్నాయి. రేపు నేను వండాల్సింది ఆ రెండో దాంట్లోనే.

కండక్టరు అడిగాడు, "ఈడ దిగి ఏం జేస్తరమ్మా? తిరిగి పోయే బస్సు ఆరింటిదాక రాదు. జర చూసుకోండ్రి."

ఆ హోటలు నిజానికి ఒక పాత ఇల్లు. ముందు గదిలో ఆరు బల్లలు, వెనక పెరడు. మధ్యాహ్నం గిరాకీ అయిపోయి, సాయంత్రందింకా మొదలుకాని వేళ. యాదగిరి గారు యాభై ఏళ్ళ మనిషి, వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. సంగారెడ్డి దిక్కు మనిషినని తనే చెప్పాడు. మా కథంతా విన్నాడు. పెద్ద హోటల్లో ప్లేటు వెనక్కి పంపిన సంగతి దగ్గరికి వచ్చేటప్పటికి కత్తి పక్కన పెట్టి నవ్వాడు.

"గది మంచిగనే ఉండె గదమ్మా! నువ్వు వాపస్ పంపి ఖరాబ్ చేయించినవు."

నోటుబుక్కు తీసి చూపించాను. ఆయన పెన్ను అడిగి తీసుకుని నేను రాసింది కొట్టేశాడు.

"పులిహోరకు అన్నం ఎట్ల వండుతవు? పలుకు మీద దించుతవా, లేదా? గిదీ గంతే. తుంచి చూస్తే లోపల సూది మొనంత తెల్లగ కనబడాలె. పొంగలి లెక్క చేసినవంటే ఆళ్ళు ముట్టరు. ఇంకో మాట విను. మంది వచ్చి కూసున్నంకనే నీళ్ళల్ల ఎయ్యి. ఆళ్ళు దాని కోసం ఆగాలె గని అది ఆళ్ళ కోసం ఆగొద్దు. పది నిమిషాలు పక్కకు పెడితే ముద్దయితది."

నా చేత్తోనే వండించాడు. మొదటిసారి ఉప్పు మరిచాను. రెండోసారి నిమిషం ఎక్కువ ఉంచాను. మూడోసారి ఒక తీగ కొరికి చూసి తలూపాడు. ఈలోగా వదిన సాస్ గిన్నె మీదికి వంగి ముక్కు ఎగబీల్చింది.

"ఇందులో వేసింది సబ్జా ఆకు కదూ?"

యాదగిరి గారు కళ్ళు పెద్దవి చేశాడు. "అమ్మా, గిది ఇటలీ ఆకని అందరికి చెప్తున్న. నువ్వొక్కదానివి పట్టినవు. పెరట్ల ఉన్నది, పో, రేపటికి కావల్సినంత తెంపుకో."

వదిన చిన్నపిల్లలా పెరట్లోకి వెళ్ళింది. యాదగిరి గారు నాకు మూడు పొట్లాల పాస్తా ఇచ్చి, గట్టి చీజ్ ముక్క కాగితంలో చుడుతూ అడిగాడు.

"పెద్దమ్మ మాంసం తినదా?"

"గుడ్డు కూడా తినరు."

ఆయన చేతులు ఆగాయి. తలుపు వైపు ఒకసారి చూశాడు.

"అయితే గీ చీజ్ ఆమెకు పెట్టకు. దీనికి పాలు ఇరగ్గొట్టెతందుకు ఒక మందు ఏస్తరు. అది పాలు తాగే దూడ కడుపుల నుంచి తీస్తరు. అన్నిట్ల ఉండది. గీ ఇటలీ నుంచి వచ్చేదాంట్ల మాత్రం ఉంటది. ఓడ మీద గుజరాతీ సేట్లు వచ్చినప్పుడు నాకు ఎరుకైంది."

"మధ్యాహ్నం హోటల్లో తిన్నారు" అన్నాను. "శాకాహారమేనని చెప్పారు."

"ఆయనకు ఎరుక లేక చెప్పి ఉంటడు. నేనైతే నీకు చెప్పిన. ఆమెకు చెప్తవో లేదో నీ ఇష్టం."

వదిన ఒడినిండా ఆకు తెచ్చుకుని వచ్చింది. ఆ మొహం చూస్తే మెస్సు ఖాళీ చేయమన్న రోజు నుంచి అంత సంతోషం చూడలేదనిపించింది. ఆరుంపావు బస్సులో నా పక్కన కూర్చుని, సబ్జా గింజలు నానబెట్టుకు తాగుతాం గానీ ఆకు పారేస్తాం చూడు అంటూ హాస్టలు దాకా మాట్లాడుతూనే ఉంది. చెప్పాలని నాలుగుసార్లు నోరు తెరిచాను. చెబితే రేపు రాదేమో. ఆవిడ లేకుండా ఎనిమిది మందికి, అదీ ఎరగని వంట, నా ఒక్కదాని వల్ల అవుతుందా? కాకపోతే జూన్ ఆఖరు తర్వాత ఎక్కడికి పోతాం? రేపు పనయ్యాక చెబుదామనుకున్నాను. ఆ రాత్రి పక్క మంచం మీద ఆవిడ హాయిగా నిద్రపోయింది. నాకు కన్ను మూతపడలేదు.

శనివారం ఎనిమిదిన్నరకి ఆఫీసు చేరాం. చంద్రశేఖర్ గారు ఎదురొచ్చి మూడో అంతస్తులో వంటగది చూపించారు. గోడలకింకా సున్నం వాసన. రెండు పొయ్యిలు, ఒక సింకు, తలుపుకి గుండ్రటి అద్దం. అద్దంలోంచి పొడుగాటి భోజనాల బల్ల కనిపిస్తుంది. తొమ్మిదిన్నరకి టమాటాలు పొయ్యి మీద పెట్టాను. వదిన వెల్లుల్లి ఒలిచింది, ఆకు గిల్లింది. పదిన్నరకి సాస్ దగ్గర పడింది. రుచి చూద్దామని చిన్న గిన్నెలోకి కాస్త తీసి, చీజ్ తురిమి కలిపాను. నేను వెనక్కి తిరిగి మళ్ళీ ఇటు తిరిగేలోపల వదిన ఆ గిన్నె అందుకుంది. పదకొండేళ్ళుగా చేస్తున్న పనే అది. చెంచా పెదాల దాకా వెళ్ళింది.

నేను చెయ్యి పట్టుకున్నాను. "తినకండి వదినా."

"ఏం, ఉప్పు వేయలేదా?"

చెప్పాను. దూడ సంగతీ, యాదగిరి గారు అన్నదీ, హోటల్లో తిన్నది ఇదేననీ అంతా చెప్పాను. ఆవిడ చెంచా నెమ్మదిగా గిన్నెలో పెట్టింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం. మీరు పెరట్లో ఉన్నప్పుడు."

"నిన్న సాయంత్రం" అంది ఆవిడ. సింకు దగ్గర చేతులు కడుక్కుంది. నోరు పుక్కిలించింది. ఇంకోసారి పుక్కిలించింది. కొంగుతో తుడుచుకుని తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి పోవడం వినపడింది.

వెంట పరుగెత్తాలనిపించింది. పొయ్యి మీద సాస్ అడుగంటుతోంది. నిలబడి కలిపాను. చేతులు ఆడుతున్నాయి, మనిషిని అక్కడ లేను. ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు. నాలుక మీద పెట్టుకుంటే ఏ రుచీ తెలియలేదు. కీర దోసకాయలు, టమాటాలు తరిగాను. బ్రెడ్డు కాల్చి వెల్లుల్లి రాశాను. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టాను.

పన్నెండుంపావుకి చంద్రశేఖర్ గారు వచ్చారు. "ఏమ్మా, అయిందా?"

"అంతా అయింది సార్. పాస్తా మాత్రం వాళ్ళు కూర్చున్నాక వేస్తాను. ఎనిమిది నిమిషాలు పడుతుంది."

"అట్ల కాదమ్మా. పన్నెండున్నరకంతా బల్ల మీద ఉండాల. మా పెద్ద సార్‌కు కాచుకోవడమంటే పడదు. ఇప్పుడే వేసేయండి."

"ముందే వేస్తే పాడైపోతుంది సార్."

"సుగుణమ్మా, మిమ్మల్ని పిలిపించింది నేను. నా మాట పోతాది."

ఆయన మొహంలో కోపం లేదు, నాకున్న భయమే ఉంది. అది చూసి నేను మెత్తబడ్డాను. ఇంత చేసిన మనిషి మాట పోగొట్టడం ఎందుకని పొట్లం చించాను. గిన్నె మీద ఆవిరి మొహానికి కొడుతోంది.

"వేయకు."

తలుపు దగ్గర వదిన. ఎప్పుడొచ్చిందో తెలియదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపలికి రాకుండా గడప మీదే నిలబడి చంద్రశేఖర్ గారి వైపు తిరిగింది.

"బాబూ, వాళ్ళొచ్చి కూర్చున్నారా?"

"వస్తారమ్మా, మీటింగులో ఉండారు."

"రాలేదుగా. వచ్చాకే పడుతుంది. ఆలస్యమైందని ఎవరైనా అడిగితే, ఒక ముసలావిడ మాట వినలేదని చెప్పండి."

ఆయన గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయారు. పన్నెండున్నర అయింది. ఎవరూ రాలేదు. ఒంటిగంట అయింది. నీళ్ళు మరిగి మరిగి తగ్గిపోతే మళ్ళీ పోశాను. వదిన గడప దాటి లోపలికి వచ్చి, పొయ్యికి రెండు బారల దూరంలో నిలబడింది. ఒకసారి గాలి పీల్చి, "ఉప్పు పడలేదు" అని గోడతో చెప్పినట్టు చెప్పింది. ఉప్పు వేశాను.

ఒంటిగంటా ఇరవైకి అద్దంలో మనుషులు కనిపించారు. మీటింగు సాగిందట. పన్నెండుంపావుకి వేసి ఉంటే ఈపాటికి చెంచాతో కోసుకోవలసి వచ్చేది. వాళ్ళు కుర్చీలు లాక్కున్నాక పాస్తా నీళ్ళలో వేశాను. ఎనిమిది నిమిషాలు నా బతుకులో ఎప్పుడూ అంత పొడుగ్గా గడవలేదు. పెద్ద సార్ ఒకసారి తలుపు వైపు చూశారు. ఏడో నిమిషంలో ఒక తీగ తీసి కొరికాను. ఏమీ తెలియడం లేదు, నోరంతా పిడచకట్టుకుపోయింది. వదిన వైపు చూశాను. ఆవిడ ముందుకొచ్చి, పళ్ళెంలో పెట్టిన తీగను గోటితో తుంచి, కిటికీ వెలుతురుకి పట్టుకుంది.

"ఇంకా కాస్త." నిలబడ్డాం. రెండో తీగ తుంచింది. "చాలు. దించు."

వడ్డించాను. లోపలికొచ్చి అద్దంలోంచి చూడసాగాను. ఎవరూ మాట్లాడటం లేదు. ఒక కుర్రాడు సగం తిని ప్లేటు జరిపేశాడు. నేను వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. మా వారితో ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

రెండు కావస్తుండగా తలుపు తెరుచుకుంది. చంద్రశేఖర్ గారి వెనక నెరిసిన గడ్డం ఉన్న ఒక పెద్దాయన వచ్చాడు. వాళ్ళ ఆరుగురిలో ఆయనే పెద్దట. ఏదో చెప్పాడు. చంద్రశేఖర్ గారు తెలుగులో చెప్పారు.

"వెల్లుల్లి చాలా ఎక్కువైందంట. సాస్ వాళ్ళ ఊరి సాస్ లెక్క లేదంట." నేను తల వంచుకున్నాను. "కానీ పాస్తా ఉడికించింది సరిగ్గా ఉందంట. ఈ దేశంలో దిగినాక సరిగ్గా తినింది ఇదే మొదటిసారి అంట. ఎవరు నేర్పించినారని అడుగుతా ఉండాడు."

నేను వదినను చూపించాను. ఎందుకలా చూపించానో నాకే తెలియదు. నేర్పింది యాదగిరి గారు, వండింది నేను. ఆ పెద్దాయన బల్ల మీద మిగిలిన సబ్జా రెమ్మ తీసుకుని, వదినకి తల వంచి, దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత తెలిసింది, సగం వదిలేసిన కుర్రాడికి ఆ పొద్దుటి నుంచి ఒంట్లో బాగాలేదట.

మూడింటికి చంద్రశేఖర్ గారు సంగతి తేల్చారు. ఒకటో తారీఖు నుంచి మూడు నెలలు ఆ ఆరుగురికీ మధ్యాహ్నం భోజనం మాది. క్యాంటీను సంగతి ఆ తర్వాత చూస్తారు. మాట మాత్రం ఇవ్వలేనన్నారు. గచ్చిబౌలిలో రెండు గదుల వాటా ఒకటి ఖాళీగా ఉందని, ఇంటివాళ్ళు తెలుసనీ చెప్పారు.

"ఇద్దరూ వస్తారు కదమ్మా? ఆ పెద్దమ్మ లేకుంటే కష్టమనిపిస్తా ఉంది నాకు."

నేను మెట్ల వైపు చూశాను. వదిన అప్పటికే సంచి సర్దుకుని మెట్లు దిగుతోంది. హాస్టలుకి వెళ్ళి స్నానం చేసింది. ఆ రోజు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు.

ఆదివారం ఏడున్నరకి సికింద్రాబాద్‌లో రైలెక్కాం. రెండు కిటికీ సీట్లు ఎదురెదురుగా దొరికాయి. కాజీపేట దాకా ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. వరంగల్ దాటాక ఇక ఉండబట్టలేక అడిగాను.

"వదినా, హైదరాబాదు వస్తారా?"

ఆవిడ కిటికీ వదిలి నా వైపు తిరిగింది. "తెలియక తిన్నాను. దానికి బాధ ఉంది గానీ నీ మీద కోపం లేదు. తెలిసీ రాత్రంతా నా పక్క మంచం మీద పడుకున్నావు చూడు, కోపం దానికి."

"ఈ పని పోతే ఏమైపోతామోనని భయపడ్డాను."

"నేను భయపడలేదనుకున్నావా? ఆ ఇల్లు పోతే నాకూ పోయినట్టు కాదూ? భయమేస్తే నాతో చెప్పుకోవాలి గానీ నా దగ్గర దాస్తావా? ఇకముందు ఏది వండినా, అది నా నోట్లో పడే ముందు నా చెవిన పడాలి."

"పడుతుంది" అన్నాను. అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు. మళ్ళీ అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మాలాగే ఎవరైనా ఆ హోటళ్ళకి వెళ్ళేవాళ్ళుంటే రెండు మాటలు చెబుతాను. పంటికింద గట్టిగా తగిలిందని ప్లేటు వెనక్కి పంపకండి. మీకో, మీతో వచ్చినవాళ్ళకో నియమం ఉంటే వడ్డించేవాళ్ళని కాదు, వండేవాళ్ళని అడగండి. పెద్ద హోటల్లో చలీ, మర్యాదా దొరుకుతాయి. నేర్చుకోవడానికైతే పెరడున్న చిన్న హోటలే మంచిది, గిరాకీ లేని వేళ చూసి వెళ్ళండి. ఇవన్నీ మేం రెండు రోజుల్లో నేర్చుకున్నవి. ఆ రెండు రోజుల్లో నాకు ఒక్క ముద్ద కూడా రుచిగా తిన్న గుర్తు లేదు.

ఖమ్మంలో ఒకావిడ మామిడిపళ్ళ బుట్టతో ఎక్కి వదిన పక్కన కూర్చుంది. కాసేపు ఊపిరి తీసుకుని పలకరించింది.

"హైదరాబాదు చుట్టాల ఇంటికెళ్ళొస్తున్నారా అండీ?"

"చుట్టాల ఇంటికి కాదమ్మా, పని మీద" అంది వదిన. "ఇటలీ వాళ్ళకి వండటానికి వెళ్ళాం. ఒకటో తారీఖుకి మళ్ళీ వెళ్తున్నాం."

"మీరొక్కరేనా?"

"ఒక్కదాన్నెలా వెళ్తాను? మేమిద్దరం" అని గడ్డంతో నన్ను చూపించింది.

ఆ ఆడమనిషి నా వైపు తిరిగి, ఇటలీ వాళ్ళు ఏం తింటారని అడిగింది. చెప్పబోయాను. వదినే అందుకుని చెప్పడం మొదలుపెట్టింది. బోనకల్లు వెళ్ళిపోయింది, మధిర వచ్చింది, ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది.